దిద్దుట నేర్పు విద్య

తెలుగున "దిద్దుట" అను మాటకు రెండర్థములు కలవు. పలక మీద పంతులుగారు వ్రాసి యిచ్చిన అక్షరముపై పసివాడు బలపమును మరల మరల త్రిప్పుట ఒక దిద్దుట. వ్రాసినదానిలోని తప్పును గుర్తించి సరిచేయుట మరియొక దిద్దుట. మొదటిది బాలుని పని, రెండవది పంతులుగారి పని యని మనము తలంతుము. కాని రెండింటికిని మూలమొక్కటే: పరుల వ్రాతను శ్రద్ధతో చూచుట. గురజాడవారు 1910లో తమ కథకు "దిద్దుబాటు" అని పేరు పెట్టినది మొదలు ఆ మాటకు సాహిత్యమున నొక గౌరవము కూడ అబ్బినది. అయితే నేనిప్పుడు ఆ మాటను తలపెట్టుట కథాచర్చ కొరకు కాదు. విశాఖపట్టణమున కంప్యూటరు విద్య నభ్యసించుచున్న మన పిల్లలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు.

తెలుగు ఉపన్యాసకునకు కంప్యూటరు గొడవ యేల యని పాఠకులు అడుగవచ్చును. సాఫ్టువేరు ఇంజనీరింగు అనబడు శాస్త్రము పేరునకు యంత్రవిద్యయే గాని, దాని పని అంతయు వ్రాతతోనే. ప్రోగ్రామనగా మనుష్యుడు వ్రాసిన పాఠము. దానిని యంత్రము చదువును. అంతకంటె ముఖ్యముగా, తరువాత వచ్చు మరియొక మనుష్యుడు చదువవలసి యుండును. పాఠమును వ్రాయుట, చదువుట, పోల్చుట, పరిష్కరించుట, వ్యాఖ్యానించుట అనునవి మా వృత్తికిని పరిచితములైన పనులే. కావున ఈ విషయమున మాట్లాడుటకు నాకు కొంత చనువు కలదనుకొందును.

ఆ శాస్త్రము పుట్టుక వినదగినది. 1968 అక్టోబరులో జర్మనీదేశమందలి గార్మిష్ పట్టణమున నాటో కూటమి ఆధ్వర్యమున ఒక సదస్సు జరిగినది. సాఫ్టువేరు ఇంజనీరింగు అను పేరు లోకమున వ్యాప్తి చెందినది ఆ సదస్సుతోనే. వంతెనలు కట్టువారికి గల సిద్ధాంతబలమును, క్రమశిక్షణయు ప్రోగ్రాములు వ్రాయువారికిని కావలెనను సూచనతో, కొంత రెచ్చగొట్టునట్లుగనే ఆ పేరు పెట్టిరి. ఆనాటి పెద్ద ప్రోగ్రాములు అనుకొన్న గడువునకు ముగియుటలేదు. ముగిసినను తప్పులతో నిండియుండెను. ఐ.బి.ఎం. సంస్థలో అట్టి మహానిర్మాణమునకు నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన యనుభవములను గ్రంథముగా వెలువరించెను. వెనుకబడిన పనికి మనుష్యులను చేర్చినకొలది అది మరింత వెనుకబడునని ఆయన తేల్చెను. కారణము సులభము. కొత్తగా వచ్చిన ప్రతివాడును అంతవరకు ఇతరులు వ్రాసినదానిని చదివి గ్రహించవలెను. ఆ చదువు చెప్పుటకు పాతవారు తమ పనిని ఆపవలెను.

చదువకుండ స్వీకరించిన వ్రాత యెంత చేటు తెచ్చునో 1996 జూన్ 4వ తేదీన లోకము చూచినది. ఐరోపా దేశములవారి ఏరియన్ 5 రాకెట్టు తన తొలి ప్రయాణమున నేల విడిచిన నలుబది సెకండ్ల లోపుననే పేలిపోయినది. అందులో ఒక ప్రోగ్రాము భాగమును పూర్వపు ఏరియన్ 4 నుండి యథాతథముగా తెచ్చి పెట్టిరి. పాత రాకెట్టునందు అది దోషము లేకుండ పనిచేసినది. కొత్త రాకెట్టు వేగము హెచ్చు. ఒక పెద్ద సంఖ్యను చిన్న గడిలో ఇముడ్చబోగా అది పట్టలేదు. దారి చూపవలసిన యంత్రము మూగపోయినది. పాత పాఠము తప్పు కాదు. దానిని కొత్త సందర్భమున మరల పరీక్షింపకపోవుట తప్పు.

ఈ సంగతి విశాఖవాసులకు రాకెట్టు దాకా పోకుండగనే తెలియవలెను. మన రేవు 1933లో తెరువబడినది. ఈ తీరము వెంబడి కెరటములు ఇసుకను ఎడతెగక తరలించుకొని పోవుచుండును. ఆ యిసుక రేవు ముఖద్వారమును పూడ్చకుండ, కట్టు దినములలోనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపిరి. అయినను పూడిక తీయుట నేటికిని ఆగలేదు. డ్రెడ్జర్లు తవ్వి తీసిన ఇసుకను నగరపు బీచి ఒరిసిపోకుండ అచ్చట పోయుటయు కలదు. రేవు కట్టుట ఒకనాటితో ముగిసినది. రేవును రేవుగా నిలుపుట ముగియునది కాదు. ప్రోగ్రాము సంగతియు నంతే. వ్రాసిననాటి నుండి దానిచుట్టు లోకము మారుచుండును. చట్టములు మారును, యంత్రములు మారును, వాడువారి అవసరములు మారును. ఒక పెద్ద ప్రోగ్రామునకు దాని జీవితకాలమున అగు వ్యయములో అధికభాగము తొలుత వ్రాయుటకు గాక, పిదప దిద్దుటకే అగునని ఆ శాస్త్రజ్ఞులు చాలకాలముగా చెప్పుచున్నారు.

ఇక మన విద్యార్థులు చదువు తీరును చూతము. 1926లో బెజవాడయందు నెలకొని, 1930లో వాల్తేరు కొండలకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున నేడు కంప్యూటరు సైన్సు, సిస్టమ్స్ ఇంజనీరింగులకు ప్రత్యేకశాఖ కలదు. నగరమునందును, చుట్టుపట్లను ఈ విద్య నేర్పు కళాశాలలు మరి యెన్నియో వెలసినవి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెల నుండియు, పాడేరు కొండల నుండియు పిల్లలు వచ్చుచున్నారు. వారిలో పలువురు తమ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారు. తండ్రి పొలము తాకట్టు పెట్టియో, తల్లి మెడలోని బంగారము కుదువబెట్టియో చదివించుచుండును. అట్టి విద్యార్థికి నాలుగేండ్లలో ఉద్యోగము దొరకుట విలాసము కాదు, అవసరము. దీనిని మరచి చేయు హితబోధ వినదగినది కాదు.

అయితే ఆ నాలుగేండ్లును ఎట్లు గడచుచున్నవి? ఈ మాట ఏ యొక్క కళాశాలను గూర్చియు చెప్పుట కాదు. రాష్ట్రమంతట అధ్యాపకులు తమలో తాము చెప్పుకొనుచున్నదే. లాబొరేటరీలో చేయవలసిన ప్రోగ్రాము నిరుటి రికార్డు పుస్తకములోనిది. దానిని అక్షరము పొల్లుపోకుండ ఎత్తి వ్రాసి సంతకము పెట్టించుకొందురు. నిరుటి పుస్తకమున తప్పున్నచో ఆ తప్పును కూడ భక్తితో ఎత్తి వ్రాయుదురు. ఇది పరుల వ్రాతపై బలపము త్రిప్పుటయే గాని, పసివాని దిద్దుటలో ఉన్న కన్ను ఇందులేదు. కడపటి సంవత్సరమున ప్రాజెక్టు అను పేర విద్యార్థి స్వయముగా ఒక నిర్మాణము చేయవలెను. దానిని సిద్ధముగా అమ్ము అంగళ్లు పట్టణములలో నున్నవి. రొక్కమిచ్చినచో ప్రోగ్రామును, అట్టతో కూడిన నివేదికయు, మౌఖికపరీక్షలో చెప్పవలసిన సమాధానములును ఒక్క కట్టగా దొరకును. కొన్నవాడు తాను కొన్నదానిని చదువడు. చదువనివాడు దిద్దలేడు. ఆ ప్రాజెక్టునే మరునాడు మరియొక ఊరి విద్యార్థి కొనును.

దీనిని కేవలము నీతికి సంబంధించిన దోషముగా చూచి మందలించినచో లాభము లేదు. పిల్లలను కొత్తది వ్రాయుమని అడుగుచున్నాము. ఉన్నదానిని చదువుట మాత్రము వారికి నేర్పుటలేదు. నాలుగు పద్యములైనను చదువని బాలుని ప్రబంధము వ్రాయుమన్నచో వాడేమి చేయును? ఎచ్చటనో ఎత్తి వ్రాయును. కవిత్వము నేర్చువాడు పూర్వకవులను చదువును, వ్యాఖ్యలను చూచును, పాఠాంతరములను పోల్చును. సాఫ్టువేరు నేర్చు విద్యార్థికి మాత్రము ఇతరులు వ్రాసిన ఒక పెద్ద మంచి ప్రోగ్రామును ఆమూలాగ్రము చదువు అవకాశము పాఠ్యక్రమమున ఎక్కడనో గాని కానరాదు.

పాఠాంతరములనుటచే బ్రౌను దొర జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ఆయన కడపలో పండితులను కూర్చి, ఊరూరి తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒక ప్రతితో నొకటి పోల్పించి, పాఠభేదములను గుర్తింపజేసెను. నేటి ప్రోగ్రామర్లు ఏ మార్పును ఎవరు, ఎప్పుడు, ఎందులకు చేసిరో క్రమముగా నిలిపియుంచు సాధనములను వాడుచున్నారు. వానిలో మిక్కిలి వ్యాప్తిలోనున్న గిట్ అనుదానిని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించెను. తాళపత్రములు పోయి తెరలు వచ్చినవి. ప్రతులను పోల్చు బుద్ధి మాత్రము మారలేదు. ప్రోగ్రాము నడుమ వ్రాయు వివరణలకు వ్యాఖ్యలనియే పేరు పెట్టుకొనవచ్చును. మన మెదకు సీమకు చెందిన మల్లినాథసూరి లేనియెడల కాళిదాసు కావ్యములు ఎందరు విద్యార్థులకు అందెడివి? వ్యాఖ్య లేని ప్రోగ్రామును ఏడాది తరువాత వ్రాసినవాడే పోల్చుకొనలేడని ఆ వృత్తివారే అందురు.

ఈ శాస్త్రమున జరుగు పరిశోధనను గూర్చియు ఒక మాట. ఒక ప్రోగ్రామును నిర్మించుటకు ఎందరు మనుష్యులు, ఎన్ని నెలలు కావలెనో ముందుగా అంచనా వేయుట అందలి ఒక ప్రధానశాఖ. అమెరికాకు చెందిన బారీ బోయెమ్ 1981లో 63 ప్రాజెక్టుల లెక్కలను పరిశీలించి అట్టి యంచనాకు సూత్రములు కట్టెను. అది గొప్ప కృషి. కాని అనేక దేశములలో, మన దేశమునను, ఆ పాత 63 ప్రాజెక్టుల లెక్కలనే తీసికొని, వానిపై కొత్త సూత్రములను పరీక్షించి, సిద్ధాంతవ్యాసములు వ్రాయుట నేటికిని సాగుచున్నది. పరిశోధకుని కిటికీ బయట రేవు కలదు. ఓడల రాకపోకలు, సరకుల లెక్కలు నేడు కంప్యూటరు లేనిదే నడువవు. 1966లో ఆంధ్రులు ఉద్యమించి సాధించుకొన్న ఉక్కు కర్మాగారము కలదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లుగల మూడు కొలుములును కలవు. ఇట్టి సంస్థలలో ఏ ప్రోగ్రాము ఎన్నిమార్లు మారినది, ఏ తప్పు ఎన్నాళ్లకు బయటపడినది, దానిని దిద్దుటకు ఎన్ని దినములు పట్టినది అను విషయములు వారి అనుమతితో సేకరించి, గోప్యమైనవానిని విడిచి, శాస్త్రీయముగా పరిశీలించినచో అది మన నేలలో పుట్టిన పరిశోధన యగును. ఉక్కు చేయువారు కరగిన లోహమును పోతపోయుటకు ముందు నమూనా తీసి పరీక్షింతురు. ఆ పరీక్షాబుద్ధియే సాఫ్టువేరునకును కావలసినది.

మన పిల్లలు ఇట్టి పనికి చాలుదురా యని సందేహించువారికి ఒక యుదాహరణము చెప్పెదను. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులు ఒక్క తెలుగు అక్షరము చేత కూలబడినవి. ఆ అక్షరము "జ్ఞా". సందేశమున అది కనబడగనే, దానిని తెరపై చూపబోయిన అప్లికేషను ఆగిపోయెను. మరల తెరచిన మరల ఆగెను. లోకమంతట పత్రికలు వ్రాసినవి. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంత పెద్ద యంత్రమును పడగొట్టినదని కొందరు నవ్వుకొనిరి.

నవ్వి ఊరుకొనక, లోపలి సంగతి చూడవలెను. లోకభాషల లిపులన్నింటికిని అంకెలు కేటాయించు యూనికోడ్ అను పద్ధతిలో తెలుగునకు 1991 నాటి మొదటి కూర్పు నుండియు స్థానము కలదు. ఆ పద్ధతిలో "జ్ఞా" ఒక్క గుర్తు కాదు. జకారము, పొల్లు, ఞకారము, ఆకారపు గుర్తు కలసి యేర్పడును. నాడు చేటు తెచ్చిన సందేశమున ఆకారపు గుర్తునకు ముందు, అక్షరములను అతుకుకొననీయని, కంటికి కనబడని మరియొక గుర్తు చేరియుండెను. మామూలుగా వ్రాయు "జ్ఞానము" వలన ఏ కీడును లేదు. ఆ కనబడని గుర్తు చేరినప్పుడు అక్షరమును ఎట్లు కూర్చవలెనో ఆ ప్రోగ్రామునకు తోచలేదు. ఆ నెలలోనే సంస్థవారు సవరించిన కూర్పును విడుదల చేసిరి.

మన ఒత్తులు, గుణింతములు, పొల్లులు ఎట్లు కలయునో ఎరిగినవాడు కూర్చుండి వింతవింత కలయికలను పరీక్షించియున్నచో ఆ దోషము ముందే దొరకియుండవచ్చును. అట్టి పరీక్షకు కావలసిన మొదటి అర్హత గుణింతము బాగుగ వచ్చియుండుట. అది శ్రీకాకుళపు పల్లెబడిలో చదివిన పిల్లవానికి పుష్కలముగ నున్నది. తనకు లోపమని వాడు సిగ్గుపడుచున్న తెలుగుబడి చదువే ఈ పనిలో వానికి బలము. అయితే ఆ సంగతిని వానికి చెప్పువారు కావలెను.

ఇచ్చట ఒక ఆక్షేపము రాగలదు. సంస్థలు కొత్తది వ్రాయగలవానినే కోరుచున్నవి గదా, దిద్దుట నేర్చినవానికి ఉద్యోగమెవరిత్తురు అని. ఉద్యోగమున చేరిన మొదటి దినమున కొత్త పట్టభద్రునకు ఇచ్చు పని సాధారణముగ ఎవరో ఎన్నడో వ్రాసిన ప్రోగ్రాములో నొక తప్పును వెదకుటయే. అదియును గాక, నేడు నాలుగు వాక్యములలో అడిగినచో యంత్రమే ప్రోగ్రామును వ్రాసి యిచ్చుచున్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ 5 ఏండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చించి విశాఖలో కృత్రిమమేధా కేంద్రమును నెలకొల్పెదమని ప్రకటించినది. యంత్రము వ్రాయు వ్రాత ఇంకను పెరుగునే గాని తరుగదు. వ్రాత చౌకయైనకొలది దానిని చదివి, ఇది సరి, ఇది తప్పు అని చెప్పగలవాని విలువ పెరుగును. అచ్చుయంత్రము వచ్చిన పిదప లేఖకుల పని తగ్గినది గాని, ప్రూఫులు దిద్దు పండితునితో పని పెరిగినది గదా!

రెండవ ఆక్షేపము భాషను గూర్చినది. మౌఖికపరీక్షలో పల్లెటూరి విద్యార్థి నోరు మెదపడు. తెలియక కొంత, తెలిసినను ఆంగ్లమున చెప్పలేక కొంత. పరీక్షకునకు ఈ రెండింటి భేదము తెలియుట కష్టము. కొనితెచ్చిన సమాధానములను ఆంగ్లమున వల్లించినవాడు నెగ్గును; తానే వ్రాసి, తానే దిద్ది, చెప్పలేకపోయినవాడు ఓడును. ఇంతకంటె అన్యాయమేమున్నది? 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు మొదలగు భారతీయభాషలలో ఇంజనీరింగు విద్యను బోధించుటకు అనుమతి నిచ్చినది. పాఠములన్నియు వెంటనే తెలుగులోనికి రావలెనని నేను కోరుట లేదు. ఆంగ్లము అక్కరలేదనుటయు లేదు. ఆ వృత్తికి ఆంగ్లము కావలెను, నేర్పవలెను. మౌఖికపరీక్షను మాత్రము, కోరినవారికి, తెలుగున జరుపవలెననియే నా మనవి. తన ప్రోగ్రాములోని ఏ పది పంక్తులనైనను చూపి, ఇది యెందుకు ఇట్లు వ్రాసితివి, ఇది తీసివేసిన ఏమగును అని అడిగినప్పుడు అమ్మతో మాట్లాడు భాషలో చెప్పగలిగినవాడు దానిని ఎరిగినవాడు. చెప్పలేనివాడు ఏ భాషలోనైనను ఎరుగనివాడే. అంగడి ప్రాజెక్టులను అరికట్టుటకు ఇంతకంటె సులభమైన ఉపాయము నాకు కానరాదు.

కావున కళాశాలల పెద్దలకు నా విన్నపము క్లుప్తముగ నిది. మూడవయేట ప్రతి విద్యార్థికిని నిరుటివారు వ్రాసిన ప్రోగ్రామునొకదానిని ఇచ్చి, అందలి తప్పులు పట్టి, దిద్ది, వ్యాఖ్య వ్రాయుమనవలెను. దిద్దినదానికి కొత్తగా వ్రాసినదానితో సమానముగ మార్కులుండవలెను. కడపటి ప్రాజెక్టు వాడుకలో నున్న వస్తువునకు సంబంధించినదై యుండవలెను. తెలుగు లిపిని చూపు, వెదకు, సరిచూచు సాధనములలో ఎవరైనను చదివి సవరించుటకు వీలుగ బహిరంగముగ నుంచినవి ఎన్నో కలవు. వానిలో ఒక్క తప్పును దిద్దినను అది లోకమంతటి తెలుగువారికిని ఉపయోగపడును. పరిశోధకులు మన నగరపు లెక్కలను సేకరింపవలెను. వీనిలో దేనికిని పెద్ద ధనము అక్కరలేదు. అధ్యాపకుల కాలము మాత్రము కావలెను; ఆ కాలమును వారికి మిగుల్చుట పాలకుల బాధ్యత.

ఇక బడిపంతుళ్లకు ఒక మాట. ఈ విద్యకు పునాది మీ చేతులలో నున్నది. వ్యాసపు పుస్తకమున ఎఱ్ఱసిరాతో మీరు చుట్టిన తప్పును పిల్లవాడు చూచి, పుట మూసి, సంచిలో పెట్టుకొనును. వానిచేత ఆ తప్పును వానినే దిద్దింపుడు. ప్రక్కనున్నవాని వ్యాసమును చదివించి, అందలి తప్పొకటి, మంచి యొకటి చెప్పింపుడు. తన తప్పును చూపినప్పుడు చిన్నబోక, పరుల తప్పును చూచినప్పుడు ఎగతాళి చేయక, రెండింటిని ఒకే శ్రద్ధతో చూచు అలవాటు ఏడవ తరగతిలో పడినచో, పదేండ్ల తరువాత వాల్తేరు కొండ మీద ఏ యంత్రము ముందు కూర్చున్నను ఆ పిల్లవానికి కొరత యుండదు.